కీమో తర్వాత జ్వరం వస్తే: ఇంట్లో మొదటి నిమిషం నుంచి ఐసీయూ దాకా

కీమో తీసుకుంటున్న మనిషికి జ్వరం వస్తే దాన్ని మామూలు జ్వరంగా చూడకూడదు. పారాసిటమాల్ వేసి తెల్లారేదాకా చూద్దాం అనుకున్న రాత్రే కొందరికి బీపీ పడిపోతుంది. పొద్దున తనే నడిచి బాత్రూమ్‌కి వెళ్లిన మనిషి సాయంత్రానికి వెంటిలేటర్ మీద ఉండటం ఐసీయూలో పనిచేసే మాకు కొత్త విషయం కాదు. అలాంటి మనిషికే మొదటి గంటలో సరైన యాంటీబయాటిక్ పడితే చాలాసార్లు ఐసీయూ దాకా రావలసిన అవసరమే ఉండదు.

1954లో డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి చొరవతో చెన్నై అడయార్‌లో క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ మొదలైంది. నెల్లూరు, చిత్తూరు, తిరుపతి, కడప వైపు వాళ్లకు క్యాన్సర్ అనగానే చెన్నై గుర్తుకు రావడం ఎప్పటినుంచో ఉన్నదే. కొందరు గ్రీమ్స్ రోడ్ చుట్టుపక్కల లాడ్జిల్లో నెలల తరబడి ఉంటారు. ఇంకొందరు కీమో ఎక్కించుకుని అదే రోజు రైలెక్కి ఊరికి వెళ్లిపోతారు. ఇది ఇద్దరి కోసమూ రాస్తున్నాను. మందుల నిర్ణయం ఎప్పుడూ చూస్తున్న డాక్టర్‌దే. కానీ ఏ దశలో ఏం జరగాలో ఇంట్లోవాళ్లకు తెలిస్తే, జరగనప్పుడు అడగగలుగుతారు. ఈ జబ్బులో ఆ అడగడం వల్ల ప్రాణాలు నిలుస్తాయి.

ఒంట్లో ఏం జరుగుతుంది

మన రక్తంలో తెల్ల కణాలు చాలా రకాలు. వాటిలో బ్యాక్టీరియా మీదికి, ఫంగస్ మీదికి ముందుగా వెళ్లేవి న్యూట్రోఫిల్స్. కీమో మందు క్యాన్సర్ కణాలతో పాటు ఎముక మజ్జను కూడా దెబ్బతీస్తుంది, అందుకే ఇవి తగ్గిపోతాయి. రొమ్ము, ఊపిరితిత్తులు, పేగు లాంటి క్యాన్సర్లలో సాధారణంగా కీమో ఇచ్చిన ఏడో రోజు నుంచి పద్నాలుగో రోజు మధ్య బాగా కిందికి పడి, మళ్లీ లేస్తాయి. లుకేమియాకు ఇచ్చే గట్టి కీమోలో రెండు మూడు వారాలు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ కాలం లేవవు. ప్రమాదం ఆ మేరకు ఎక్కువ.

అదే కీమో నోటి నుంచి పేగు చివరి దాకా ఉండే లోపలి పొరను పుండ్లు చేస్తుంది. దాంతో మన పేగులోనే ఎప్పుడూ ఉండే ఈ.కోలై, క్లెబ్సియెల్లా లాంటి బ్యాక్టీరియా రక్తంలోకి దిగుతుంది. ఇల్లంతా ఎంత శుభ్రంగా ఉంచినా జ్వరం వచ్చిందేమిటని బాధపడే ఇల్లాళ్లకు ఈ మాట చెప్పాలి: చాలా ఇన్ఫెక్షన్లు బయటి నుంచి కాదు, రోగి ఒంట్లోనుంచే వస్తాయి. అది మీ తప్పు కాదు.

రిపోర్ట్‌లో చూడవలసిన అంకె ఏఎన్‌సీ, అంటే రక్తంలో న్యూట్రోఫిల్స్ ఎన్ని ఉన్నాయన్న లెక్క. అది విడిగా రాసి లేకపోతే మీరే లెక్కవేయొచ్చు. మొత్తం తెల్ల కణాలు 900 ఉండి న్యూట్రోఫిల్స్ 30 శాతం అయితే ఏఎన్‌సీ 270. కొన్ని ల్యాబ్‌లు 900 బదులు 0.9 అని వేలల్లో ఇస్తాయి, చూసుకోండి. 500 కన్నా తక్కువైనా, రాబోయే రెండు రోజుల్లో 500 కిందికి పడుతుందని అనుమానమున్నా ప్రమాద స్థితే. 100 కన్నా తక్కువైతే మరీ ప్రమాదం. 1966లో అమెరికాలో జెరాల్డ్ బోడీ బృందం లుకేమియా రోగులలో ఈ సంబంధాన్ని లెక్కలతో చూపించింది: న్యూట్రోఫిల్స్ ఎంత తక్కువుంటే, ఎన్ని ఎక్కువ రోజులు తక్కువుంటే, ఇన్ఫెక్షన్లు అంత ఎక్కువ. ఇప్పటికీ మా నిర్ణయాలన్నీ దాని మీదే నడుస్తున్నాయి.

1. జ్వరం రాకముందే సిద్ధం చేసుకోవలసినవి

మొదటి కీమో రోజునే మీ ఆంకాలజిస్ట్‌ని ఒక ఉత్తరం రాసివ్వమని అడగండి. అందులో క్యాన్సర్ పేరు, ఇచ్చిన కీమో, తేదీ, పడని మందులు, కిడ్నీ పనితీరు, నరంలోకి మందులెక్కించడానికి పెట్టే పోర్ట్ గానీ పిక్ లైన్ గానీ ఉందా అన్న వివరం, జ్వరం వస్తే ముందుగా ఇవ్వవలసిన యాంటీబయాటిక్, రాత్రిపూట ఫోన్ చేయవలసిన నంబర్ ఉండాలి. ఊళ్లో డ్యూటీ డాక్టర్ చేతిలో ఈ కాగితం పెడితే ఆయన అరగంట ఆలోచించే పని ఒక నిమిషంలో అవుతుంది.

ఫైల్‌లో పాత కల్చర్ రిపోర్టులన్నీ (రక్తంలోనో మూత్రంలోనో ఏ బ్యాక్టీరియా ఉందో పెంచి చూసే పరీక్ష) పైనే పెట్టండి. ఇంతకుముందు మూత్రంలోనో రక్తంలోనో మందులకు లొంగని క్లెబ్సియెల్లా దొరికి ఉంటే, ఈసారి మొదటి డోస్ మందే మారిపోతుంది. స్కాన్ ఫిల్ములు మోసుకొచ్చి కల్చర్ రిపోర్ట్ ఇంట్లో మర్చిపోయే కుటుంబాలను తరచూ చూస్తుంటాం. నిజానికి ఎమర్జెన్సీలో మాకు ముందు కావలసింది ఆ ఒక్క కాగితమే.

ఒక డిజిటల్ థర్మామీటర్, కుదిరితే బీపీ మిషన్, పల్స్ ఆక్సిమీటర్ దగ్గర ఉంచుకోండి.

2. జ్వరాన్ని ఎలా చూడాలి

నోట్లో పెట్టి చూసినప్పుడు ఒక్కసారి 101 డిగ్రీల ఫారెన్‌హీట్ చూపినా, 100.4 గంటసేపు తగ్గకుండా ఉన్నా, అది ఎమర్జెన్సీ. నా సలహా మాత్రం 100.4 కనిపించగానే బయలుదేరే ఏర్పాట్లు మొదలుపెట్టమని. గంట ఆగి మళ్లీ చూసే లోపు ఆటో మాట్లాడుకోవచ్చు, ఫైల్ సర్దుకోవచ్చు, ఆసుపత్రికి ఫోన్ చేయొచ్చు. చంకలో పెడితే కొంత తక్కువ చూపిస్తుంది, అది మనసులో పెట్టుకోండి. మలద్వారంలో థర్మామీటర్ ఎట్టి పరిస్థితిలోనూ పెట్టకూడదు. ఎనీమా, ఆ దారిలో పెట్టే మందులు కూడా వద్దు. అక్కడి సున్నితమైన చర్మం చిన్నగా చీరుకున్నా చాలు, బ్యాక్టీరియా లోపలికి పోతుంది.

జ్వరం చూడకుండా పారాసిటమాల్ వేయకండి. ఒళ్లు నొప్పులకని రోజుకు మూడుసార్లు వేసుకుంటుంటే జ్వరం వచ్చిన సంగతే తెలియదు. డెక్సామెథసోన్ లాంటి స్టెరాయిడ్ వాడుతున్నవాళ్లలోనూ, వయసు మళ్లినవాళ్లలోనూ అసలు జ్వరం లేకుండానే ఇన్ఫెక్షన్ ముదురుతుంది. అందుకని చలి వణుకు, గబగబా ఊపిరి తీయడం, తల తిరగడం, మాట తడబడటం, మత్తుగా పడుకుండిపోవడం, కాళ్లూ చేతులూ చల్లబడటం, ఆరేడు గంటలు మూత్రం రాకపోవడం వీటిలో ఏది కనిపించినా, థర్మామీటర్ 98 చూపిస్తున్నా సరే, బయలుదేరండి. పోర్ట్‌ను ఫ్లష్ చేసిన కాసేపటికే వణుకు వస్తే ఆ విషయం డాక్టర్‌కు తప్పకుండా చెప్పండి. ఇన్ఫెక్షన్ ఆ గొట్టంలోనే ఉండొచ్చు.

3. ముందు ఎక్కడికి వెళ్లాలి

ఎక్కువ కుటుంబాలు తడబడేది ఇక్కడే. కీమో చెన్నైలో ఇచ్చారు కాబట్టి చెన్నైకే తీసుకెళ్లాలన్న పట్టుదలతో నెల్లూరు నుంచో తిరుపతి నుంచో రాత్రిపూట కారు మాట్లాడుకుని మూడు నాలుగు గంటలు ప్రయాణం చేస్తారు. ఆ ప్రయాణంలో బీపీ పడిపోతే చూసేవాళ్లు ఉండరు. ముందు దగ్గరలో ఉన్న, ఎండీ డాక్టర్ ఉన్న ఆసుపత్రికి వెళ్లండి. అక్కడ రక్తం కల్చర్‌కు తీయించి, మొదటి డోస్ యాంటీబయాటిక్ నరానికి ఎక్కించి, బీపీ నిలకడగా ఉందని చూసుకుని, ఆ తర్వాత చెన్నై సంగతి ఆలోచించండి. కల్చర్ బాటిళ్లు ఆ ఆసుపత్రిలో లేకపోతే వాటికోసం మందు ఆపొద్దు. 108 అంబులెన్స్ ఆంధ్రలోనూ తమిళనాడులోనూ ఉంది.

ఊళ్లో ఆర్ఎంపీ దగ్గర నడుముకు సూది వేయించుకోవడం మాత్రం వద్దు. ప్లేట్‌లెట్లు తక్కువున్నప్పుడు కండకు వేసే ఇంజెక్షన్ వల్ల లోపల రక్తం గడ్డకట్టి, అదే చీము గడ్డ అవుతుంది. నొప్పుల ఇంజెక్షన్ కిడ్నీని దెబ్బతీస్తుంది. స్టెరాయిడ్ కలిపి ఇస్తే జ్వరం తగ్గినట్టు కనిపించి విలువైన పన్నెండు గంటలు పోతాయి.

చెన్నైలోనే ఉంటే సొంత డాక్టర్ ఓపీ టైమ్ కోసం ఆగకుండా నేరుగా క్యాజువాలిటీకి వెళ్లండి. తమిళం రాకపోయినా గేటు దగ్గర ఒక్క మాట చాలు: "కీమో పోట్టిరుక్కు, కాచ్చల్ వందిరుక్కు" (కీమో ఇచ్చారు, జ్వరం వచ్చింది). వరుసలో కూర్చోమంటే మళ్లీ చెప్పండి. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా వానలకు రోడ్లు మునిగే రోజుల్లో, కీమో అయిన రెండో వారం నడుస్తుంటే, ఆసుపత్రికి నడిచి వెళ్లేంత దగ్గరలో గది తీసుకోవడం మంచిది.

4. ఎమర్జెన్సీలో మొదటి గంట

లోపలికి అడుగుపెట్టిన 60 నిమిషాల్లో యాంటీబయాటిక్ మొదలవ్వాలి. ఆ లోపు జరగవలసినవి ఇవి: బీపీ, నాడి, ఊపిరి వేగం, ఆక్సిజన్ చూడటం; నరానికి లైన్ పెట్టడం; సీబీసీ (రక్త కణాల లెక్క), కిడ్నీ, లివర్, లాక్టేట్ (అవయవాలకు రక్తం సరిగా అందకపోతే పెరిగేది) పరీక్షలకు రక్తం పంపడం; కల్చర్‌కు రెండు సెట్లు తీయడం. పెద్దవాళ్లలో ఒక్కో సెట్‌కు సుమారు 20 మిల్లీలీటర్లు కావాలి. రక్తం తక్కువున్న మనిషి దగ్గర ఇంత రక్తం తీస్తారేమిటని కొందరు అడ్డుపడతారు. దయచేసి తీయనివ్వండి. తక్కువ రక్తం పంపితే బ్యాక్టీరియా ఉన్నా దొరక్కపోవచ్చు, తర్వాత వారం రోజులు గుడ్డిగా మందులు వాడాలి. పోర్ట్ లేదా సెంట్రల్ లైన్ ఉంటే దానినుంచి ఒకటి, చేతి నరం నుంచి ఒకటి ఒకేసారి తీస్తారు. చేతి నరం నుంచి తీసిన బాటిల్ కన్నా లైన్ నుంచి తీసిన బాటిల్‌లో రెండు గంటలు లేదా అంతకన్నా ముందుగా బ్యాక్టీరియా పెరిగితే తప్పు లైన్‌లోనే ఉందని గట్టి ఆధారం.

సీబీసీ రిపోర్ట్ వచ్చాక చూద్దాం, కల్చర్ వచ్చాక చూద్దాం అని ఎవరైనా అంటే, మర్యాదగానే అడగండి: "డాక్టర్ గారూ, కీమో అయి పదో రోజు. మొదటి డోస్ ఇప్పుడే ఇచ్చేస్తారా?" కల్చర్ రావడానికి రెండు మూడు రోజులు పడుతుంది. అంత ఆగినవాళ్లలో చాలామంది దక్కేవారు కాదని గమనించే, 1971లో షింఫ్ బృందం జ్వరం రాగానే సూడోమోనాస్ అనే ప్రమాదకరమైన బ్యాక్టీరియాని కొట్టే మందులు మొదలుపెట్టే పద్ధతిని లోకానికి చూపించింది.

మామూలు జ్వరాలకు వాడే సెఫ్ట్రియాక్సోన్ ఇక్కడ చాలదు, అది సూడోమోనాస్ మీద పనిచేయదు. పిపెరాసిలిన్-టాజోబ్యాక్టమ్, సెఫెపైమ్, సెఫోపెరాజోన్-సల్బాక్టమ్, మెరోపెనెమ్ లాంటి వాటిలో ఒకదాన్ని, ఆ ఆసుపత్రిలో ఏ బ్యాక్టీరియా ఏ మందుకు లొంగుతోందో చూసి ఎంచుకుంటారు.

5. వార్డా, ఐసీయూనా

అందరికీ ఐసీయూ అక్కర్లేదు. ముప్పు ఎంతో అంచనా వేయడానికి మాస్క్ (MASCC) అనే స్కోర్ ఒకటుంది. మొత్తం 26 పాయింట్లలో 21 లేదా ఎక్కువ వస్తే ముప్పు తక్కువ. అలాంటివాళ్లలో కొందరిని మాత్రల మీద ఇంటికి కూడా పంపుతారు. కానీ ఊరు దూరమైతే, ఇంట్లో చూసుకునే మనిషి లేకపోతే నేను పంపను.

పై బీపీ 90 కిందికి పడటం, సెలైన్ ఎక్కించినా లేవకపోవడం, ఊపిరి నిమిషానికి ముప్పై దగ్గరికి చేరడం, ఆక్సిజన్ పెట్టినా సాచ్యురేషన్ అందకపోవడం, లాక్టేట్ పెరుగుతుండటం, మతి తప్పడం వీటిలో ఏదున్నా ఐసీయూ. ఇంకా వార్డులోనే ఉంచి చూద్దాం అనుకోవడం కన్నా కొంచెం ముందే ఐసీయూకి తీసుకురావడం మేలు. న్యూట్రోఫిల్స్ లేవన్న ఒక్క కారణంతో ఐసీయూ ఇవ్వకపోవడం పాతకాలపు ఆలోచన. ఫలితాన్ని ఎక్కువగా నిర్ణయించేది ఎన్ని అవయవాలు దెబ్బతిన్నాయి, ఎంత త్వరగా వచ్చారు, క్యాన్సర్‌కు ఇంకా వైద్యం మిగిలి ఉందా అన్నవి.

6. ఐసీయూలో మొదటి రోజు

బీపీ పడిపోయినప్పుడు ముందు సెలైన్ లేదా రింగర్ లాక్టేట్ ఎక్కిస్తారు. మొదటి మూడు గంటల్లో కిలోకు 30 మిల్లీలీటర్లు అనేది మొదలుపెట్టే లెక్క. 60 కిలోల మనిషికి దాదాపు 1,800 మిల్లీలీటర్లు. డాక్సోరూబిసిన్ లాంటి మందులు వాడినవాళ్లకు గుండె బలహీనపడి ఉండొచ్చు కాబట్టి ఎకో చూస్తూ ఆచితూచి ఇస్తాం. ఫైల్‌లో పాత ఎకో రిపోర్ట్ ఉంటే చూపించండి. సెలైన్‌తో లేవకపోతే బీపీ పెంచే మందు నోరాడ్రినలిన్. సగటు బీపీని 65 దగ్గర నిలబెట్టడం లక్ష్యం. దాని డోస్ గంటగంటకూ తగ్గుతోందా, పెరుగుతోందా అని మీరు అడగొచ్చు. మానిటర్ మీద మెరిసే అంకెల కన్నా ఆ సమాధానం మీకు ఎక్కువ చెబుతుంది. డోస్ పెరిగిపోతుంటే వాసోప్రెస్సిన్, రోజుకు 200 మిల్లీగ్రాముల హైడ్రోకార్టిసోన్ కలుపుతారు.

షాక్‌లో ఉన్న మనిషికి యాంటీబయాటిక్ ఎంపికలో మెల్లగా పెంచుకుంటూ పోయే ఓపిక పనికిరాదు. మన దేశపు ఆసుపత్రుల్లో మెరోపెనెమ్‌కు కూడా లొంగని క్లెబ్సియెల్లా, అసినెటోబ్యాక్టర్ ఎక్కువ. అందుకే మెరోపెనెమ్‌తో పాటు అమికాసిన్, ఒక్కోసారి కొలిస్టిన్ లేదా పాలిమిక్సిన్ కలిపి మొదలుపెడతారు. ఎన్‌డీఎం అనే ఎంజైమ్ ఉన్న బ్యాక్టీరియా అని తేలితే సెఫ్టాజిడిమ్-అవిబ్యాక్టమ్‌తో పాటు అజ్ట్రియోనమ్ ఇస్తారు. బిల్లు చూసి గుండె ఆగినంత పనవుతుంది, నిజమే. ధర గురించి, మరో దారి ఉందా అన్నదాని గురించి మొదటి రోజే అడగడంలో తప్పు లేదు. ఆ తర్వాత కల్చర్ రాగానే అక్కర్లేనివి తీసేయాలి. "కల్చర్ వచ్చిందా? ఏవైనా మందులు తగ్గించొచ్చా?" అని రెండో రోజు నుంచి రోజూ అడగండి.

వాంకోమైసిన్ లేదా టీకోప్లానిన్ అందరికీ ఇవ్వరు. షాక్, న్యూమోనియా, చర్మం మీద లేదా లైన్ చుట్టూ ఇన్ఫెక్షన్, నోట్లో తీవ్రమైన పుండ్లు ఉంటే కలుపుతారు. కల్చర్‌లో ఈ మందులు అవసరమయ్యే బ్యాక్టీరియా లేకపోతే రెండు మూడు రోజుల్లో ఆపేయాలి. మెరోపెనెమ్ లాంటివి సిరింజ్ పంప్ మీద మూడు నాలుగు గంటలు నెమ్మదిగా ఎక్కుతుంటే కంగారు పడకండి. మందు రక్తంలో ఎక్కువసేపు నిలవాలనే అలా ఇస్తారు.

7. ఇన్ఫెక్షన్ ఎక్కడ దాక్కుంది

తెల్ల కణాలే లేనప్పుడు చీము పట్టదు. వాపు, ఎర్రదనం సరిగా కనిపించవు. న్యూమోనియా ఉన్నా ఛాతీ ఎక్స్‌రే బాగానే ఉండొచ్చు, మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉన్నా చీము కణాలు కనపడకపోవచ్చు. అందువల్ల రోగి నోటి నుంచి వచ్చే ప్రతి చిన్న ఫిర్యాదూ మాకు ముఖ్యం. ఇక్కడ ఇంట్లోవాళ్ల సాయం మాకు చాలా అవసరం.

మన పెద్దవాళ్లు, ముఖ్యంగా ఆడవాళ్లు, విరేచనానికి వెళ్లేటప్పుడు నొప్పిగా ఉందని పరాయి డాక్టర్‌తో చెప్పరు. మలద్వారం పక్కన మొదలైన చిన్న పుండు రెండు రోజుల్లో తొడ దాకా పాకిన సందర్భాలుంటాయి. అమ్మనో అత్తయ్యనో పక్కన కూర్చుని మెల్లగా అడగండి, నర్సుకు చెప్పండి. వేలు పెట్టి పరీక్ష చేయరు. చూస్తే చాలు. అలాగే పన్ను నొప్పి, ముక్కు పక్కన నొప్పి, మింగితే మంట, లైన్ దగ్గర నొప్పి, కొత్తగా లేచిన నల్లటి మచ్చ ఇవన్నీ చెప్పండి.

కడుపు కింద కుడివైపు నొప్పి, ఉబ్బరం, విరేచనాలు ఉంటే పెద్దపేగు మొదటి భాగం వాచి ఉండొచ్చు. సీటీలో పేగు గోడ 4 మిల్లీమీటర్ల కన్నా మందంగా కనిపిస్తుంది. నోటి ద్వారా ఆహారం ఆపి, యాంటీబయాటిక్స్ ఇచ్చి, సర్జన్‌తో కలిసి చూస్తాం. పేగు చిల్లు పడితే తప్ప ఆపరేషన్ వైపు వెళ్లం.

మరొకటి: ఇది చెన్నై. డెంగీ, మలేరియా, స్క్రబ్ టైఫస్, లెప్టోస్పైరోసిస్ కీమో పేషెంట్ అని వదిలిపెట్టవు. ఈ మధ్య ఊళ్లో పొలానికి వెళ్లారా, వరద నీళ్లలో నడిచారా, ఇంట్లో ఎవరికైనా టీబీ ఉండేదా అన్నవి చెప్పండి.

8. ఊపిరి అందకపోతే

ముందు ముక్కు ద్వారా ఎక్కువ వేగంతో ఆక్సిజన్ ఇచ్చే హై ఫ్లో మిషన్ పెడతారు. చాలామంది దానితోనే గట్టెక్కుతారు. కానీ ఛాతీ కండరాలు అలిసిపోతున్నా, మత్తు వస్తున్నా, గొట్టం వేయడానికి వెనకాడితే ఆలస్యమే ప్రాణం తీస్తుంది. వెంటిలేటర్ పెడితే ఇక అయిపోయినట్టే అన్న మాట మన ఇళ్లలో బాగా ఉంది. ఆ భయంతో సంతకం పెట్టడానికి ఆరు గంటలు తర్జనభర్జన పడితే, పెట్టేసరికి పరిస్థితి ఇంకా దిగజారి ఉంటుంది. పెట్టాలా వద్దా అన్నది రోగి బాగున్నప్పుడే, ఆయన్నే అడిగి, ముందుగా అనుకుని ఉంచుకోండి.

ఒక వింత సంగతి కూడా తెలుసుకోండి. న్యూట్రోఫిల్స్ మళ్లీ లేచే రోజుల్లో ఊపిరితిత్తులు కొందరికి ఇంకా పాడవుతాయి. అప్పటిదాకా లేని కణాలు ఒక్కసారిగా ఇన్ఫెక్షన్ ఉన్నచోటికి చేరి వాపు తెస్తాయి. "కౌంట్ పెరిగింది అన్నారు, మరి ఆయాసం ఎందుకు పెరిగింది?" అన్న ప్రశ్నకు చాలాసార్లు జవాబు ఇదే.

9. నాలుగైదు రోజులైనా జ్వరం తగ్గకపోతే

రెండో రోజుకే జ్వరం పోలేదని టెన్షన్ పడొద్దు. సరైన మందు పడినా రొమ్ము, ఊపిరితిత్తులు, పేగు లాంటి గడ్డ క్యాన్సర్లలో రెండు మూడు రోజులు, రక్త క్యాన్సర్లలో ఐదు రోజుల దాకా జ్వరం ఉండొచ్చు. బీపీ, ఊపిరి, మూత్రం బాగుంటే కేవలం జ్వరం చూసి యాంటీబయాటిక్ మార్చనక్కర్లేదు. పరిస్థితి దిగజారుతుంటే అది వేరే లెక్క, అదే రోజు మార్చాలి.

నాలుగో రోజు నుంచి ఏడో రోజు మధ్య ఇంకా జ్వరం ఉండి, కౌంట్ లేవకపోతే ఫంగస్‌ని వెతకాలి. ఛాతీ సీటీ, అవసరమైతే సైనస్ సీటీ, రక్తంలో ఫంగస్ జాడ పట్టే గెలాక్టోమానన్ పరీక్ష చేస్తారు. కాండిడా అనుమానముంటే కాస్పోఫంజిన్ లాంటివి, ఆస్పర్‌జిల్లస్ అయితే వొరికోనజోల్, ఏదో తేలకపోతే లైపోసోమల్ యాంఫోటెరిసిన్ కిలోకు 3 మిల్లీగ్రాములు.

షుగర్ ఉన్నవాళ్లలో, స్టెరాయిడ్ వాడినవాళ్లలో మ్యూకర్‌ని మర్చిపోకూడదు. కోవిడ్ రోజుల్లో బ్లాక్ ఫంగస్ అన్నది దీన్నే. చెంప నొప్పి, కంటి వాపు, ముక్కులో నల్లటి పెచ్చు, అంగిట్లో నలుపు కనిపిస్తే గంటలు లెక్కపెట్టాలి. దీనిమీద వొరికోనజోల్ పనిచేయదు. యాంఫోటెరిసిన్ కిలోకు 5 మిల్లీగ్రాముల నుంచి, దానితో పాటు చెడిన భాగాన్ని తీసేసే ఆపరేషన్. షుగర్ అదుపు కూడా వైద్యంలో భాగమే.

10. రక్తం, ప్లేట్‌లెట్లు, కౌంట్ పెంచే ఇంజెక్షన్

ప్లేట్‌లెట్లు 10,000 కిందికి వస్తే ఎక్కిస్తారు. గట్టి జ్వరం, సెప్సిస్ ఉంటే 20,000 దగ్గరే ఎక్కించడం చాలాచోట్ల అలవాటు. రక్తం కారుతుంటే ఈ అంకెల కోసం ఆగరు. ఎస్‌డీపీ (ఒకే దాత నుంచి తీసే ప్లేట్‌లెట్లు) కోసం డోనర్లను తెమ్మంటే మన ఇళ్లలో ముందు అన్నదమ్ములనే పిలుస్తాం. రెండు విషయాలు గుర్తుంచుకోండి. రక్త సంబంధీకులు ఇచ్చిన రక్తాన్ని రేడియేషన్ ఇచ్చాకే ఎక్కించాలి, లేకపోతే అరుదుగానైనా ప్రాణాంతకమైన రియాక్షన్ వస్తుంది. రెండోది, ముందుముందు ఎముక మజ్జ మార్పిడి చేసే ఆలోచన ఉంటే తోబుట్టువులు, పిల్లలు రక్తం ఇవ్వకపోవడమే మంచిది. స్నేహితులను, ఊరివాళ్లను పిలవండి. బ్లడ్ బ్యాంక్‌లో ఈ రెండు మాటలూ చెప్పండి.

ఫిల్‌గ్రాస్టిమ్ ఇంజెక్షన్ జ్వరం వచ్చిన ప్రతివారికీ అవసరం లేదు. షాక్, న్యూమోనియా, ఫంగస్, ఏఎన్‌సీ 100 కన్నా తక్కువ, 65 దాటిన వయసు వంటివి ఉంటే రోజుకు కిలోకు 5 మైక్రోగ్రాముల చొప్పున ఇచ్చే ఆలోచన చేస్తారు. ఇది కౌంట్‌ను త్వరగా లేపుతుంది. ఇన్ఫెక్షన్‌ను చంపే పని మాత్రం యాంటీబయాటిక్‌దే.

11. మంచం పక్కన మీరు చేయగలిగినవి

చేతులు కడుక్కోవడం అన్నిటికన్నా పెద్ద పని. లోపలికి వెళ్లేటప్పుడు, బయటికి వచ్చేటప్పుడు శానిటైజర్ రాసుకోండి. డాక్టర్ మర్చిపోతే డాక్టర్‌కు కూడా గుర్తుచేయండి. జలుబు, దగ్గు ఉన్నవాళ్లు ఎంత దగ్గరివాళ్లైనా రావద్దు. విభూతి, కుంకుమ తెచ్చినా లైన్ ఉన్నచోట, పుండ్ల మీద తగలనివ్వకండి. తీర్థం నోట్లో పోయకండి. దిండు పక్కన పెట్టి దణ్ణం పెట్టుకుంటే చాలు.

అన్నం, పప్పు, ఇడ్లీ, ఉడికిన కూర వేడివేడిగా పెట్టొచ్చు. న్యూట్రోఫిల్స్ తక్కువున్నవాళ్లకని చెప్పే ప్రత్యేకమైన న్యూట్రోపెనిక్ డైట్ వల్ల ఇన్ఫెక్షన్లు తగ్గుతాయని రుజువు కాలేదు. శుభ్రంగా వండటం, అప్పుడే తినడం ముఖ్యం. బయట కొన్న పచ్చి చట్నీలు, కోసి ఉంచిన పండ్లు వద్దు. ప్లేట్‌లెట్ల కోసం బొప్పాయి ఆకు రసం దయచేసి పట్టకండి. ఉడకని ఆకు రసంతో పేగులోకి కొత్త బ్యాక్టీరియా వెళ్తుంది. మెత్తటి బ్రష్‌తో, ఉప్పు నీళ్లతో నోరు శుభ్రం చేయించండి.

12. డాక్టర్లతో మాట్లాడటం

ఇంటి తరఫున ఒక్కరే మాట్లాడండి. తమిళం, ఇంగ్లీషు రాకపోతే మొహమాటపడకుండా తెలుగు తెలిసిన నర్సునో డాక్టర్‌నో పిలవమనండి. అర్థం కాని కాగితం మీద సంతకం పెట్టకండి.

ఐసీయూలో చేర్చేటప్పుడే ఒక గడువు అనుకోవడం మంచి పద్ధతి. "మూడు నుంచి ఐదు రోజులు అన్నీ చేస్తాం, అప్పుడు కూర్చుని మాట్లాడుకుందాం" అని. ఆ రోజున మీరు అడగవలసినవి: బీపీ మందు తగ్గిందా? మూత్రం వస్తోందా? కొత్తగా ఏ అవయవమైనా దెబ్బతిందా? కౌంట్ లేచే సూచన ఉందా? ఇది దాటితే క్యాన్సర్‌కు చేయగలిగింది ఏముంది? ఆఖరి ప్రశ్నకు ఆంకాలజిస్ట్ కూడా ఆ మాటల్లో ఉండాలి. మెరుగు లేకుండా అవయవాలు ఒకదాని తర్వాత ఒకటి ఆగిపోతుంటే, నొప్పి లేకుండా, మనవాళ్ల చేతులు పట్టుకుని ఉండేలా చూడమని అడగడం కూడా వైద్యం అడగడమే. ఇల్లు తాకట్టు పెట్టే ముందు ఈ మాటలు జరగాలి.

13. బయటపడ్డాక

జ్వరం పోయి రెండు మూడు రోజులు నిలకడగా ఉంటే, కల్చర్‌లో ఏమీ రాకపోతే, కౌంట్ పూర్తిగా లేవకముందే యాంటీబయాటిక్ ఆపడానికి ఇప్పుడు చాలామంది డాక్టర్లు సిద్ధపడుతున్నారు. కొందరు ఏఎన్‌సీ 500 దాటేదాకా ఇస్తారు. రక్తంలో బ్యాక్టీరియా దొరికి ఉంటే కోర్సు పూర్తి చేయాలి. ఆస్పర్‌జిల్లస్ లేదా మ్యూకర్ అయితే మందు వారాలు, నెలలు నడుస్తుంది. ఇంటికి వెళ్లాక మధ్యలో ఆపకండి.

డిశ్చార్జ్ సమ్మరీలో దొరికిన బ్యాక్టీరియా పేరు, అది ఏ మందుకు లొంగింది, ఏ మందుకు లొంగలేదు, లైన్ తీశారా ఉంచారా అన్నవి రాసి ఉన్నాయో లేదో చూసుకున్నాకే గది ఖాళీ చేయండి. తర్వాతి కీమోకు ముందు ఆంకాలజిస్ట్‌ని మూడు విషయాలు అడగండి: డోస్ తగ్గించాలా, కొన్నాళ్లు వెనక్కి జరపాలా, ఈసారి కీమో అయిన మర్నాటి నుంచే కౌంట్ పెంచే ఇంజెక్షన్ మొదలుపెట్టాలా. నయం చేయడమే లక్ష్యంగా ఇస్తున్న కీమో అయితే డోస్ తగ్గించకుండా ఇంజెక్షన్ ఇచ్చే వైపే మొగ్గుతారు. ఉత్తరంలో తేదీలు మార్పించి, కొత్త కల్చర్ రిపోర్ట్‌ను ఫైల్‌లో అన్నిటికన్నా పైన పెట్టండి.